తాతయ్య, నాయనమ్మల జీవితాలను రాసి పెట్టుకున్న నా అనుభవం

మా వైపు జ్ఞాపకార్థ కూడికల్లో చదివే జీవిత చరిత్రలు చాలావరకు ఒకేలా ఉంటాయి. గొప్ప ప్రార్థనాపరులు, వాక్యాన్ని ప్రేమించినవారు, సంఘానికి మూలస్తంభం, మంచి పోరాటం పోరాడి పరుగు కడముట్టించారు. పేరు మార్చి ఎవరికి చదివినా సరిపోతుంది. 2006లో మా నాయనమ్మ చనిపోయినప్పుడు మేమూ అలాంటి కాగితమే చదివాం. అందులో అబద్ధమేమీ లేదు, కానీ మా నాయనమ్మ కూడా లేదు. 1994లో తాతయ్య పోయినప్పుడైతే వానలో హడావుడిగా సమాధి చేసి వచ్చేశారు. ఆయన గురించి చదివింది ఏమీ లేదు.

ఇద్దరి సమాధుల మీదా సరైన రాయి లేదు. వాళ్ళని బాగా ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మా పెద్దనాన్నకి ఎనభై దగ్గరపడుతున్నాయి. ఇప్పుడు కూర్చోకపోతే ఇంకెప్పటికీ కుదరదనిపించింది. వచ్చే సమాధుల పండుగ నాటికి, అంటే నవంబర్ 2కి, రాళ్ళు పెట్టించి, వాళ్ళ జీవితాలను చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, ఒక కృతజ్ఞత కూడిక పెట్టాలని ఇంట్లో అనుకున్నాం. రాసే పని నా మీద పడింది.

మాది కనిగిరి వైపు ఒక పల్లె. మాదిగపల్లె. అమెరికన్ బాప్టిస్టు మిషన్ ద్వారా ఏర్పడిన సంఘం. ఆ మిషన్ చరిత్ర మా పెద్దవాళ్ళకి కంఠతా వచ్చు. 1840 నుంచి నెల్లూరులో మిషనరీలు పనిచేసినా ఫలితం పెద్దగా కనబడక మూసేద్దామనుకోవడం, 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేయడం, 1866లో క్లౌ దొరగారు ఒంగోలు రావడం, మర్నాటి ఏడాది ఎనిమిదిమందితో అక్కడ సంఘం మొదలవడం, ఇవన్నీ చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నవే. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చారు. తిండి కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని ఆ కష్టకాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ అంకె మా సంఘంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. తన ముత్తాత ఎప్పుడు, ఎందుకు కలిశాడో చెప్పమంటే మాత్రం ఎవరూ నోరు విప్పరు. పెద్ద చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది, ఇంటి చరిత్ర ముసలివాళ్ళతోపాటు మట్టిలోకి పోతోంది. నాకు బాధ కలిగించింది అదే.

మొదట మా పెద్దత్త దగ్గర కూర్చున్నాను. ఐదుగురు పిల్లల్లో ఆవిడ రెండోది. జ్ఞాపకశక్తి గట్టిది. "నాయనమ్మ విశ్వాసం గురించి చెప్పత్తా" అంటే, "ఏముంది నాయనా, మా అమ్మ గొప్ప ప్రార్థనాపరురాలు" అని ఆగిపోయింది. ఎన్నిరకాలుగా అడిగినా అదే మాట. అప్పుడు అడిగే పద్ధతి మార్చాను. విశ్వాసం అనే మాట పక్కనపెట్టి, పొద్దున్నే లేచి ఆమె మొదట ఏం చేసేది, ఆదివారం ఇల్లు ఎలా ఉండేది, పిల్లలకి జ్వరం వస్తే ఎవరిని పిలిచేది, తాతయ్యతో మాటపట్టింపు వస్తే ముందు ఎవరు పలకరించేవారు అని అడగడం మొదలుపెట్టాను. ఇక అత్త ఆగలేదు.

ఎసరు పెట్టి బియ్యం కొలిచాక నాయనమ్మ అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేదట. అది దేవుని బియ్యం. వారం చివర ఆ కుండ గుడికి వెళ్ళేది. అక్కడ అందరి బియ్యం కలిపి వేలంపాట పెడితే వచ్చిన డబ్బు పాస్టరు గారి జీతానికి వెళ్ళేది. తాతయ్య మిషన్ స్కూల్లో టీచరు. ఆ జీతం నెలనెలా రాదు, వచ్చినా ఏడుగురికి చాలదు.

"ఒకరోజు ఇంట్లో గిద్దెడు బియ్యమే ఉన్నాయి. అయినా పిడికెడు తీసింది. నేను ఏడ్చాను. నా వంతు కూడా నువ్వే తిను, దేవుని వంతు తీయకుండా మాత్రం నేను వండను అంది. అన్నట్టే ఆ పూట తినలేదు" అని చెప్పి అత్త చాలాసేపు మాట్లాడలేదు. గొప్ప ప్రార్థనాపరురాలు అన్న ఒక్క మాట కింద ఇంత ఉంది. పుస్తకంలో ఆ మాట ఎక్కడా వాడకూడదని ఆరోజే అనుకున్నాను. గిద్దెడు బియ్యం సంగతి రాస్తే చాలు.

తాతయ్య గురించి ఎక్కువ చెప్పింది పెద్దనాన్న. ఊళ్ళో ఎవరికి ఉత్తరం వచ్చినా తాతయ్య దగ్గరికే తెచ్చేవాళ్ళు. ముందు తాను మనసులో చదువుకునేవాడు. చావు కబురైతే అక్కడ చదవకుండా, "పద, మీ ఇంటికి వెళ్దాం" అని లేచి చొక్కా తగిలించుకునేవాడు. ఇంటికి వెళ్ళి, అందరినీ కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, అప్పుడు చదివేవాడు. కొన్నాళ్ళకి ఆయన చొక్కా తగిలించుకుంటున్నాడంటేనే ఊరికి అర్థమైపోయేదట. ఈ సంగతి మా నాన్నకి కూడా తెలియదు. పెద్ద కొడుక్కి తెలిసినవి చిన్న కొడుక్కి తెలియవు, కూతురికి తెలిసినవి కొడుకులెవరికీ తెలియవు. అందుకే ప్రతివాళ్ళనీ విడిగా అడిగాను, తర్వాత ఇద్దరేసి చొప్పున కలిపి కూర్చోబెట్టాను. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదన్నప్పుడే అసలు విషయాలు బయటికి వచ్చాయి. మాటలన్నీ ఫోన్లో రికార్డు చేశాను. రాసుకుంటూ కూర్చుంటే పెద్దవాళ్ళు మన పెన్ను వైపు చూసి మాటలు కుదించుకుంటారు.

తేదీల కోసం మాత్రం గుడి రిజిస్టర్లే దిక్కు. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, వెంటనే ఒప్పుకున్నారు కానీ డీకన్ల (సంఘ పెద్దల) అనుమతి కూడా కావాలన్నారు. సంఘ ఆస్తుల గొడవల మూలంగా పాత పుస్తకాలు ఎవరికీ అంత సులువుగా చూపించరు. ఏ పుస్తకాలు, ఏ సంవత్సరాలు, దేనికోసమో వివరంగా అర్జీ రాసిస్తే ఒప్పుకున్నారు. బయటికి తీసుకెళ్ళకూడదు, అయ్యగారి ముందే చూసుకోవాలి, ఫోటోలు తీసుకోవచ్చు. అంతకన్నా ఏం కావాలి?

ఈ పని చేయాలనుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. బాప్టిస్టు సంఘాల్లో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. తెలివి వచ్చి, తనంతట తాను ఒప్పుకున్నాక నీళ్ళలో ముంచి ఇస్తారు. కాబట్టి మా రిజిస్టర్లో పుట్టిన తేదీ దొరకదు, ఆ మనిషి తన నోటితో ఒప్పుకున్న రోజు దొరుకుతుంది. లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), కతోలిక కుటుంబాలవాళ్ళకైతే శిశు బాప్తిస్మం ఉంది కాబట్టి పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కూడా అక్కడే దొరకవచ్చు. ఇంకొక చిక్కు పేర్లది. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి, బాప్తిస్మంలో వచ్చిన బైబిలు పేరు ఒకటి. గుడి రిజిస్టర్లో యాకోబులు, దావీదులు వరసగా కనిపిస్తారు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడూ సరిపోతేనే మనవాళ్ళు అనుకోవాలి.

జిల్లా పేరు దగ్గర కూడా చాలామంది తికమకపడతారు. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ తర్వాత గుంటూరు జిల్లాలోకి వెళ్ళింది. మా కనిగిరి మాత్రం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనే ఉంది. మార్కాపురం కర్నూలులో ఉండేది. ప్రకాశం అనే పేరు 1972లో వచ్చింది. పాత కాగితాలు వెతికేటప్పుడు ఇది తెలియకపోతే తప్పు ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

తాతయ్య బాప్తిస్మం 1938లో. అప్పటికి ఆయనకి పద్నాలుగేళ్ళు. చెదలు పేజీ అంచుని తినేశాయి కానీ ఆయన వరస మిగిలింది. ఆ రోజే బాప్తిస్మం పొందినవాళ్ళ పేర్లు పైనా కిందా చదువుతుంటే, చిన్నప్పుడు మేము తాతా అని పిలిచిన ముసలివాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఊరంతా కుర్రాళ్ళుగా ఒక్క పేజీలో కనిపించారు.

పెళ్ళి రిజిస్టరు ఇంకా విలువైనది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి నమోదులో ఇద్దరి పేర్లు, వయసు, పని, నివాసం, తండ్రుల పేర్లు, సాక్షుల సంతకాలు ఉండాలి. అంటే ఒక్క వరసలో రెండు తరాలు దొరుకుతాయి. 1946 మే నెల పేజీలో తాతయ్య సంతకం గొలుసుకట్టు రాతలో, కింద గీత గీసి, అప్పుడే టీచరు ఉద్యోగం వచ్చినవాడి ధీమాతో ఉంది. దాని పక్కన నాయనమ్మ ఎడమ బొటనవేలి ముద్ర. సిరా ఎక్కువై ఒక పక్కకి జారింది. వేలి గీతలు సగమే పడ్డాయి. పక్కన ఎవరిదో చేతిరాతలో ఆమె పేరు, "వ్రేలిముద్ర" అనే మాట.

నాకు తెలిసిన నాయనమ్మ ఎప్పుడూ కళ్ళజోడు పెట్టుకుని బైబిలు చదువుతూ ఉండేది. ఆమెకి ఒకప్పుడు చదువు రాదని మాకెవరికీ తట్టలేదు. ఆ తర్వాత స్త్రీల సమాజం మినిట్స్ పుస్తకం తిరగేస్తుంటే 1959లో హాజరైనవారి సంతకాల్లో ఆమెది కనిపించింది. అక్షరాలు విడివిడిగా, ఒత్తి రాసినట్టు, గీత మీద మొదలై కొంచెం కొంచెంగా కిందికి దిగిపోతున్నాయి. ఇంటిపేరు పొడి అక్షరంగా రాయలేదు, మొత్తం రాసింది. పేజీ తిప్పి వెనక్కి చూస్తే అక్షరాలు ఉబ్బుగా వేలికి తగులుతున్నాయి, అంత గట్టిగా ఒత్తింది. ఆ రెండు పేజీలనీ ఫోటోలు తీసి పుస్తకంలో ఎదురెదురుగా వేయించాం. ఆ పదమూడేళ్ళలో, ఐదుగురు పిల్లల్ని కని పెంచుతూ, ఆమె ఎప్పుడు నేర్చుకుందో, ఎవరు నేర్పారో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. అత్తకి ఊహ తెలిసేసరికే ఆమె చదివేస్తోంది.

సభ్యత్వ రిజిస్టర్లో చివరన రిమార్కుల గడి ఉంటుంది. బదిలీ, నిద్రించెను (అంటే చనిపోయారు) లాంటివి అందులో రాస్తారు. నాయనమ్మ తండ్రి పేరు ఎదురుగా ఇలా ఉంది: 1941లో, జాతరలో డప్పు కొట్టినందుకు సంఘం నుంచి తొలగింపు. దాని కిందే, 1943లో పశ్చాత్తాపపడగా తిరిగి చేర్చుకోవడం.

దీని వెనక పెద్ద కథ ఉంది. క్లౌ దొరగారి కాలం నుంచి కలిసినవాళ్ళకి మూడు కట్టుబాట్లు గట్టిగా ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. ఊరి జాతరలో డప్పు కొట్టడం మాదిగవాళ్ళ విధిగా ఊరు చూసేది. కొట్టనంటే పని ఉండదు, గింజలు ఉండవు, దెబ్బలు కూడా పడేవి. కొడితే సంఘం ఊరుకోదు. ఆ మధ్యలో నలిగినవాడు మా ముత్తాత. తొలగించిన ఆ రెండేళ్ళూ ఆయన ఆదివారం గుడి బయట వేపచెట్టు కింద కూర్చుని కీర్తనలు వినేవాడని నాయనమ్మ ఒకసారి పెద్దనాన్నతో అందట. అప్పటికి ఆమెకి పదమూడేళ్ళు ఉంటాయి. లోపల తల్లి, బయట తండ్రి.

ఇది పుస్తకంలో వేయాలా వద్దా అని చర్చ వచ్చింది. నేను వేయాల్సిందేనన్నాను. పోయినవాళ్ళని గౌరవించడమంటే వాళ్ళ మచ్చలు తుడవడమని మనవాళ్ళలో ఒక అలవాటు ఉంది. నాకది నచ్చదు. తొలగించినా రెండేళ్ళు ప్రతి ఆదివారం వచ్చి చెట్టుకింద కూర్చున్న మనిషి విశ్వాసం ముందు, ఎప్పుడూ ముందు వరసలో కూర్చున్నవాళ్ళది ఏపాటిది?

ఇంతకన్నా కష్టమైన చర్చ ఇంకోటి జరిగింది. అది తాతయ్య గురించి.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులని చేర్చలేదు. మన రాష్ట్రంలో 1970లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళని బీసీ-సి కింద పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దాంతో చాలా కుటుంబాలు గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు పెట్టుకున్నాయి. వాళ్ళని నేను తప్పుపట్టను. పిల్లల చదువులు, ఉద్యోగాలు దాని మీద ఆధారపడి ఉంటే తండ్రి ఏం చేస్తాడు? కులం పేరుతో జరిగే అవమానం మతం మారినా ఆగలేదు, సాయం మాత్రం ఆగిపోయింది.

తాతయ్య ఐదుగురు పిల్లలకీ బడిలో క్రైస్తవులనే రాయించాడు. తోటి టీచర్లు చెప్పి చూశారట. "ఆదివారం గుడిలో ఒకటి చెప్పి, సోమవారం బడిలో ఇంకోటి రాస్తే రేపు పిల్లలకి పాఠం ఎట్లా చెప్పను?" అన్నాడట. దాని ఫలితం ఎక్కువగా అనుభవించింది మా బాబాయ్. మంచి మార్కులు ఉన్నా కోరుకున్న సీటు రాలేదు. స్కాలర్‌షిప్ లేదు. చదువు మధ్యలో ఆపి పనికి వెళ్ళాడు. ఈ విషయం మీద తండ్రీకొడుకులు చాలా ఏళ్ళు సరిగా మాట్లాడుకోలేదు.

పెద్దనాన్న అన్నాడు, "అవన్నీ ఎందుకురా, నలుగురూ చదివే పుస్తకంలో." అత్త కూడా అటే. నేను బాబాయ్‌ని విడిగా కలిసి అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "రాయి. మా నాయన అబద్ధం రాయలేదని రాయి. దానికి నేను కట్టిన ఖరీదు కూడా రాయి. రెండూ రాస్తేనే నిజం" అన్నాడు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు పుస్తకంలో వేశాం. తాతయ్య విశ్వాసానికి ఆయనొక్కడే మూల్యం చెల్లించలేదు, పిల్లలు కూడా చెల్లించారు. ఆ మాట దాచి ఆయన్ని పొగిడితే బాబాయ్‌కి అన్యాయం చేసినట్టే. తాతయ్యకి కూడా.

నాయనమ్మ బైబిలు అత్త దగ్గర ఉంది. అట్ట ఊడిపోతే గోనె దారంతో కుట్టింది. ముందున్న తెల్లకాగితం మీద పిల్లల పుట్టిన రోజులు ఉన్నాయి, అవి తాతయ్య చేతిరాత. మిగతా పేజీల్లో పెన్సిలు గీతలు నాయనమ్మవి. ఒక్కో పేజీ తిప్పుతూ గీతలు ఉన్న వచనాలన్నీ ఒక నోట్సులో ఎక్కించుకున్నాను. ఎక్కువ కీర్తనల గ్రంథంలోనే ఉన్నాయి. 46వ కీర్తన పక్కన "19-11-77" అని, దాని కింద "తమ్ముడు" అని ఉంది. దివిసీమ ఉప్పెన వచ్చిన తేదీ అది. కోతల పనికి అటువైపు వెళ్ళిన ఆమె తమ్ముడు తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. "వాటి జలములు ఘోషించుచు నురుగు కట్టినను" అన్న చోట గీత రెండుసార్లు గీసింది. ఆ మాటల చివర "మనము భయపడము" అని ఉంటుంది. అక్కడ గీత లేదు. ఎందుకు ఆపిందో నేను ఊహించి రాయలేదు, పేజీ ఫోటో వేశాను.

రాళ్ళ పని అంత కష్టమేమీ కాలేదు. చీమకుర్తి గ్రానైటు మాకు దగ్గరే. తాతయ్య సమాధి ఎక్కడో గుర్తుపట్టడమే కష్టమైంది. పెద్దనాన్న వచ్చి, పక్కనున్న పాత సమాధి ఆనవాలు పట్టి చూపించాడు. పుట్టిన తేదీ బడి రికార్డులో 1-7-1924 అని ఉంది. ఆ రోజుల్లో బడిలో చేర్పించేటప్పుడు టీచర్లు జులై 1 వేయడం మామూలు కాబట్టి రాయి మీద సంవత్సరం మాత్రమే చెక్కించాం. మహిమ ప్రవేశం తేదీలు, అంటే చనిపోయిన తేదీలు, పూర్తిగా వేశాం. చెక్కే ముందు అక్షరాలన్నీ కాగితం మీద గీయించుకుని చూసుకోవాలి. ఒత్తు తప్పితే రాయి మీద దిద్దడం కుదరదు. తాతయ్య రాయి మీద "విశ్వాసము కాపాడుకొంటిని" అన్నంతవరకే వేశాం. బాబాయ్ ఎంచుకున్న మాటలు అవి. నాయనమ్మ రాయి మీద "దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు."

కొవ్వొత్తుల విషయంలో మాత్రం కొంచెం టెన్షన్ పడ్డాం. సమాధుల పండుగనాడు మా వైపు సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా చిన్నత్త కుటుంబం వేరే సహవాసానికి, అంటే వేరే సంఘానికి, వెళ్తారు. చనిపోయినవాళ్ళ కోసం దీపాలు పెట్టడం వాక్యానుసారం కాదని, అట్లా అయితే రామని చెప్పారు. కతోలికులు ఆ రోజు మృతుల ఆత్మల కోసం ప్రార్థిస్తారు, బాప్టిస్టులం మేము అలా చేయం. మేం చేయబోయేది వాళ్ళ కోసం ప్రార్థన కాదు, వాళ్ళని ఇచ్చినందుకు దేవునికి స్తుతి అని అయ్యగారు చిన్నత్తతో ఫోన్లో మాట్లాడి చెప్పారు. కొవ్వొత్తులు మానేశాం, పూలు ఉంచాం. అందరూ వచ్చారు. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం 7వ వచనం చిన్నత్త కొడుకు చదివాడు, నాయకుల ప్రవర్తన ఫలాన్ని తలంచుకుని వారి విశ్వాసాన్ని అనుసరించమని చెప్పే వచనం. ఇంట్లో నలుగురు నాలుగు సంఘాలకి వెళ్ళే ఈ రోజుల్లో ఇలాంటివి ముందే కూర్చుని మాట్లాడుకోవడం మంచిది. సమాధి దగ్గర వాదన పెట్టుకుంటే అది పోయినవాళ్ళకి అవమానం.

పుస్తకం డీటీపీ ఒంగోలులో చేయించాం. నేను ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసింది వాళ్ళ అను ఫాంట్లలోకి మార్చేసరికి ఒత్తులు చెదిరిపోయాయి. బైబిలు వచనాలన్నీ పాత తర్జుమా పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశాను. పెద్దవాళ్ళకి ఆ మాటలు నోటికి వచ్చు, ఒక్క అక్షరం తేడా వచ్చినా పట్టేస్తారు. అక్షరాల సైజు పెద్దది పెట్టించాం, చదవాల్సింది వాళ్ళే కాబట్టి.

కూడికలో ప్రసంగాలు తక్కువ, చదవడం ఎక్కువ పెట్టాం. మనవళ్ళు, మనవరాళ్ళు పుస్తకంలోంచి తలా ఒక పేజీ చదివారు. గిద్దెడు బియ్యం సంగతి చదివింది అత్త మనవరాలు, తొమ్మిదో తరగతి. బాబాయ్ తన మాటలు తానే చదివాడు. నాయనమ్మ ఇష్టపడే కీర్తనలు పాత రాగాల్లోనే పాడాలని అత్త పట్టుబట్టింది, కీబోర్డు లేకుండా తాళాలు, డోలక్ పెట్టి పాడాం.

భోజనాల దగ్గర పక్క ఊరి నుంచి వచ్చిన ఒకావిడ నన్ను పిలిచింది. డెబ్బై ఐదు దాటి ఉంటాయి. వేలిముద్ర, సంతకం ఉన్న పేజీ తెరిచి పట్టుకుని ఉంది. "ఎవరు నేర్పారో తెలవదని రాశావే. నేనే నేర్పింది" అంది.

ఆవిడ మా తాతయ్య దగ్గర చదువుకుంది. అప్పుడు మూడో తరగతి. తాతయ్య ఆమెని పిలిచి, రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి ఆ రోజు చెప్పిన పాఠం టీచరమ్మకి, అంటే నాయనమ్మకి, చెప్పి వెళ్ళమన్నాడట. తాను చెబితే నాయనమ్మ సిగ్గుపడుతోంది, చిన్నపిల్ల అయితే మొహమాటం ఉండదని. పలక మీద ఈ పిల్ల దిద్దిస్తే నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని దిద్దేది. పలక లేనప్పుడు బూడిదలో. నెలలు గడిచాయి. బైబిల్లో ఒక వచనం తానే కూడబలుక్కుని చదివినరోజు, ఆ పిల్లకి దేవుని బియ్యం కుండలోంచి కాకుండా తన వంతులోంచి రెండు పిడికిళ్ళు కొంగులో పోసి పంపిందట. "ఏ వచనమమ్మా?" అని అడిగాను. "అది గుర్తులేదు నాయనా, బియ్యం గుర్తున్నాయి" అంది.

అక్కడే ఫోన్ తీసి మళ్ళీ మొదటినుంచీ చెప్పించి రికార్డు చేశాను. అత్తని పిలిస్తే ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. డీటీపీ అతని దగ్గర ఫైలు అలాగే ఉంచమని చెప్పాను, ఆవిడ మాటలు ఒక పేజీగా చేర్చి క్రిస్మస్‌కి రెండో అచ్చు వేస్తున్నాం. డీకన్లు కూడా మిగతా రిజిస్టర్లన్నీ చెదలు తినకముందే ఫోటోలు తీసి పెట్టమన్నారు. సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో పిల్లలు, నేను కలిసి ఆ పని మొదలుపెడతాం. ముందు 1938 నుంచి 1950 వరకు ఉన్న బాప్తిస్మ రిజిస్టరు, ఎందుకంటే అదే ఎక్కువ పాడైంది.